జీఎస్ఎమ్ గెలిచింది, సీడీఎంఏ ఓడింది... మరి డబ్బులు ఓడినవాళ్లకి ఎందుకు కడుతున్నారు?

మాడ్యూల్‌మామ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హార్డ్‌వేర్ వైపు పనిచేస్తాను, రేడియో థియరీ కొంచెం తెలుసు, లీగల్ సంగతులు మాత్రం సున్నా. చాలా రోజులుగా బుర్ర తినేస్తున్న డౌట్ ఇది.

2జీ కాలంలో జీఎస్ఎమ్, సీడీఎంఏ అనే రెండు మొబైల్ నెట్‌వర్క్ పద్ధతులు గట్టిగా కొట్టుకున్నాయి. ప్రపంచంలో ఎక్కువ భాగం జీఎస్ఎమ్ వైపే వెళ్లింది. 4జీ వచ్చాక సీడీఎంఏ ఆపరేటర్లు కూడా ఎల్‌టీఈ అనే 4జీ స్టాండర్డ్‌లోకి వచ్చేశారు, అమెరికాలో వెరైజన్ తన సీడీఎంఏ నెట్‌వర్క్‌ని 2022 చివర్లో ఆపేసింది కూడా. ఆట అయిపోయినట్టే కదా. మరి ఫోన్ కంపెనీలు ఇప్పటికీ సీడీఎంఏని ముందుకు తెచ్చిన చిప్ కంపెనీ క్వాల్‌కామ్‌కి రాయల్టీ ఎందుకు కడుతున్నాయి? చిప్ కొన్నవాడు చిప్‌కి డబ్బు ఇస్తాడు, సరే. వేరే కంపెనీ చిప్ పెట్టిన ఫోన్‌కి కూడా కట్టాలట. అదీ చిప్ ధర మీద కాకుండా మొత్తం ఫోన్ ధర మీద శాతం లెక్కన! నేను ఫోన్‌లో మంచి కెమెరా పెడితే రేడియో పేటెంట్ ఉన్నవాడికి ఎక్కువ డబ్బు రావడం ఏం న్యాయం?

ఇంకోటి, ఎల్‌టీఈతో పోటీపడి ఓడిన వైమాక్స్ గెలిచి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని ఎక్కడో చదివాను. నిజమేనా?

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, మేం చేసే పరికరంలో బయట కొన్న రెడీమేడ్ ఎల్‌టీఈ మాడ్యూల్ ఒకటి ఉంటుంది. ఈమధ్య ఒక పేటెంట్ లైసెన్సింగ్ కంపెనీ నుంచి చాలా మర్యాదగా ఒక లెటర్ వచ్చింది. మా బాస్ దాన్ని స్పామ్ కింద తీసి పక్కన పడేశాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

పాతమోడెమ్:

మామా, మీ ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. ఓడిపోయింది సీడీఎంఏ పద్ధతి మీద కట్టిన ఐఎస్-95 అనే ఒక 2జీ స్టాండర్డ్. సీడీఎంఏ అనే పద్ధతి ఓడలేదు. ఈ తేడా పట్టుకుంటే మీ డౌట్ ముప్పావు వంతు తీరిపోతుంది. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

యూరప్ టెలికాం శాఖలు దేశానికో సిస్టమ్ పెట్టుకుంటే లాభం లేదని 1982లోనే ఒక గ్రూప్ వేసుకున్నాయి. 1987లో 13 దేశాల వాళ్లు సంతకాలు పెట్టారు, 1991లో ఫిన్లాండ్‌లో మొదటి జీఎస్ఎమ్ కాల్ వెళ్లింది. పద్ధతి తేలికే. 200 కిలోహెర్ట్జ్ చానల్‌ని ఎనిమిది టైమ్ స్లాట్లుగా కోసి ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఇవ్వడం. అమెరికాలో కూడా 1989 మొదట్లో పరిశ్రమ సంఘం టైమ్ స్లాట్ల పద్ధతికే ఓటేసింది. ఇర్విన్ జాకబ్స్, ఆండ్రూ వైటర్బీ మరికొందరు కలిసి శాన్ డియేగోలో పెట్టిన క్వాల్‌కామ్‌కి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. అంతా ఖాయమైపోయాక వీళ్లు వచ్చి, స్లాట్లు కోయడం మానేయండి, అన్ని ఫోన్లూ ఒకే 1.25 మెగాహెర్ట్జ్‌లో ఒకేసారి మాట్లాడనివ్వండి, ఎవరి కోడ్‌ని బట్టి వాళ్ల సిగ్నల్ విడదీసుకుందాం అన్నారు. నవ్వినవాళ్లే ఎక్కువ.

నవ్వడానికి కారణం ఉంది. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే టవర్ పక్కనే ఉన్న ఫోన్ సిగ్నల్, దూరంగా ఉన్న ఫోన్ సిగ్నల్‌ని మింగేస్తుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు ఏంటంటే, టవర్ ప్రతి ఫోన్‌కీ సెకనుకి 800 సార్లు ‘పవర్ పెంచు, పవర్ తగ్గించు’ అని చెబుతూనే ఉండటం. అప్పుడు అన్ని ఫోన్ల సిగ్నలూ టవర్ దగ్గరికి దాదాపు ఒకే బలంతో చేరతాయి. దానికి తోడు, ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారేటప్పుడు కాసేపు రెండిటితోనూ మాట్లాడే సాఫ్ట్ హ్యాండాఫ్. కోడ్‌లతో విడదీయడం అన్న ఆలోచన మిలిటరీ రేడియోల్లో అంతకుముందు నుంచే ఉంది, దాన్ని వీళ్లు పుట్టించలేదు. దాన్ని రోడ్డు మీద నడిచే మనిషి చేతిలో ఫోన్‌గా పనిచేయించే కిటుకులు మాత్రం వీళ్లవి, వాటి మీద పేటెంట్లూ వీళ్లవే.

1989 నవంబర్‌లో శాన్ డియేగోలో డెమో పెట్టారు. సరిగ్గా మొదలుపెట్టే టైమ్‌కి జీపీఎస్ టైమింగ్‌లో ఏదో తేడా వచ్చింది, వెనక ఇంజనీర్లు దాన్ని సరిచేసేదాకా జాకబ్స్ ఉపన్యాసం సాగదీస్తూనే ఉన్నాడని వాళ్ల కంపెనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జీపీఎస్ సంగతి గుర్తుపెట్టుకోండి, పని ఉంది. 1993లో అది ఐఎస్-95గా స్టాండర్డ్ అయింది, 1995లో హాంకాంగ్‌లో, 1996లో కొరియాలో సర్వీస్ మొదలైంది.

ఇక 3జీ. జీఎస్ఎమ్ వర్గం తమ పాత టైమ్ స్లాట్ల పద్ధతితో డేటా లాగడం కష్టమని ఒప్పుకుని, 1998 జనవరిలో ఎవరిని ఎంచుకుందో చూడండి: డబ్ల్యూ-సీడీఎంఏ! పదేళ్లు ఎవరితో పోట్లాడారో వాళ్ల పద్ధతినే ఇల్లరికం తెచ్చుకున్నారు, కాకపోతే అల్లుడి ఇంటిపేరు మార్చి. చానల్ 5 మెగాహెర్ట్జ్ చేశారు, పవర్ కంట్రోల్ సెకనుకి 1500 సార్లు చేశారు, టవర్లకి జీపీఎస్ టైమింగ్ అవసరం లేకుండా చేశారు. ఆ చివరిది టెక్నికల్‌గా మంచి నిర్ణయమే, భూగర్భంలో, భవనాల లోపల జీపీఎస్ అందదు, పైగా ఆ శాటిలైట్లు అమెరికా మిలిటరీవి. కానీ క్వాల్‌కామ్ వాదన ఏంటంటే, ఇదంతా మా సిస్టమ్‌కి కావాలనే దూరంగా జరగడానికి చేసింది, మీరు మా 3జీ స్టాండర్డ్ సీడీఎంఏ2000తో కలవకపోతే మా పేటెంట్లు ఇచ్చేది లేదు అని. ఎరిక్‌సన్ దగ్గరా సీడీఎంఏ పేటెంట్లు ఉన్నాయి, వాటి మీద వాళ్లు 1996లోనే కేసు వేసి ఉన్నారు. ప్రపంచ టెలికాం సంస్థ ఐటీయూ విసిగిపోయి, మీరు తేల్చుకోకపోతే సీడీఎంఏ ప్రతిపాదనలన్నీ పక్కన పెట్టేస్తాం అని గడువు పెట్టింది.

1999 మార్చిలో రాజీ కుదిరింది. ఇద్దరూ ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకోవచ్చు, క్వాల్‌కామ్ టవర్ల వ్యాపారాన్ని ఎరిక్‌సన్ కొనేస్తుంది. ఆ తర్వాత ఆపరేటర్లు కూర్చుని డబ్ల్యూ-సీడీఎంఏ చిప్ రేట్‌ని 4.096 నుంచి 3.84కి దించారు. చిప్ రేట్ అంటే సిగ్నల్ మీద కోడ్ ఎంత వేగంతో పరుస్తామన్నది, లెక్క సెకనుకి మిలియన్లలో ఉంటుంది. అవతలి సీడీఎంఏ2000 మూడు చానళ్ల రకం 3.6864. చూశారా, సగం దూరం కంటే ఎక్కువే దిగారు, అయినా కలవలేదు. ఏ సిమ్యులేషన్‌లోనో అదే బెస్ట్ అని వచ్చిన అంకె కాదు 3.84, బేరంలో తేలిన అంకె. 3జీ ఫోన్లన్నీ ఆ బేరాన్ని లోపల మోసుకుని తిరిగాయి.

కాబట్టి మామా, 3జీ ఫోన్ ఎవరు చేసినా క్వాల్‌కామ్ గడప తొక్కాల్సి వచ్చింది. జీఎస్ఎమ్ గెలిచిన ప్రతి దేశంలోనూ.

లైసెన్సుబాబు:

పైన చరిత్ర బాగా చెప్పారు. శాతం గురించి నేను చెప్తాను, నా పని ఆ కాంట్రాక్టుల చుట్టూనే తిరుగుతుంది.

ముందు నియమం. స్టాండర్డ్‌లో దూరిన పేటెంట్‌ని తప్పించుకునే దారి ఉండదు కాబట్టి, యూరప్‌లో స్టాండర్డ్‌లు రాసే ఎట్సీ సంస్థ తన సభ్యుల దగ్గర ఒక మాట తీసుకుంటుంది. లైసెన్స్ ‘న్యాయంగా, సమంజసంగా, వివక్ష లేకుండా’ ఇస్తాం అని. దీన్నే ఫ్రాండ్ అంటారు. ఎంత ఇస్తే న్యాయం అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. కావాలనే రాయలేదు, రాయబోతే ఆ మీటింగ్ ఇప్పటికీ నడుస్తూ ఉండేది.

ఇప్పుడు అంకెలు, ఇవన్నీ వాళ్లు బయటికి ప్రకటించినవే. 5జీకి ఎరిక్‌సన్ 2017లో ఖరీదైన ఫోన్‌కి 5 డాలర్లు, తక్కువ రకానికి 2.50 దాకా తగ్గిస్తాం అంది. నోకియా 2018లో ఫోన్‌కి 3 యూరోలు అంది. హువావే 2021లో ఫోన్ ధరలో కొంత శాతం, కానీ గరిష్ఠంగా 2.50 డాలర్లు అంది. ఎరిక్‌సన్, నోకియాలది ఫోన్‌కింత అని రేటు. క్వాల్‌కామ్‌ది శాతం లెక్క, 4జీ కూడా ఉన్న 5జీ ఫోన్‌కి 3.25 శాతం, స్టాండర్డ్‌కి తప్పనిసరైన పేటెంట్ల వరకు. అయితే 2018లో దానికి 400 డాలర్ల పరిమితి పెట్టారు, అంటే కంపెనీ అమ్మే ధర ఎంతున్నా 400 వరకే లెక్కలోకి తీసుకుంటారు. వెయ్యి డాలర్ల ఫోన్‌కి 13 డాలర్లు అవుతుంది, 32 కాదు. 150 డాలర్ల ఫోన్‌కి ఐదు డాలర్లకి కొంచెం తక్కువ. ఖరీదైన కెమెరా పెట్టినవాడి ఏడుపు ఆ పరిమితితో చాలావరకు తగ్గింది, కానీ చూడండి, చవక ఫోన్ చేసేవాడికి ఆ పరిమితి వల్ల పైసా లాభం లేదు. వాడి మీద పూర్తి శాతం పడుతుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఎందుకంటే కోర్టుకెళ్లే స్తోమత ఖరీదైన ఫోన్ చేసేవాడికే ఉంటుంది.

చిప్ దగ్గరే ఎందుకు వసూలు చేయరు అంటారా? ఒకసారి లైసెన్స్ ఉన్నవాడు అమ్మిన వస్తువు మీద ఆ పేటెంట్ హక్కు అక్కడితో అయిపోతుంది, కొన్నవాడిని మళ్లీ అడగకూడదు. చిప్ కంపెనీకి పూర్తి లైసెన్స్ ఇచ్చేస్తే ఆ చిప్ కొన్న ఫోన్ కంపెనీని అడగడానికి ఏమీ మిగలదు. చిప్ ధర ఎంత, ఫోన్ ధర ఎంత! అందుకని ఎదుటి చిప్ కంపెనీలకి లైసెన్స్ ఇవ్వరు, చివర ఫోన్ చేసేవాడి దగ్గరే పట్టుకుంటారు. క్వాల్‌కామ్ ఇంకో అడుగు ముందుకేసి, ముందు పేటెంట్ లైసెన్స్ తీసుకుంటేనే మా చిప్ అమ్ముతాం అంది. మార్కెట్లో అంత మంచి మోడెమ్ (ఫోన్‌ని నెట్‌వర్క్‌తో మాట్లాడించే చిప్) ఇంకొకటి లేనప్పుడు ఫోన్ కంపెనీ ఆ రేటు మీద బేరం ఏమాడుతుంది?

దీని మీద చైనా 2015లో 97.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, కొరియా 2016లో లక్ష కోట్ల వాన్‌లకు పైగా వేసింది. అమెరికాలో వ్యాపార పోటీ సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2017లో కేసు వేస్తే 2019 మేలో జడ్జి లూసీ కో ఇది చట్టవిరుద్ధం అని తీర్పిచ్చారు. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది. ఆపిల్ కూడా 2017లోనే కేసు వేసింది, 2019 ఏప్రిల్‌లో విచారణ మొదలైన రోజుల్లోనే రాజీ పడింది. ఆ త్రైమాసికంలో క్వాల్‌కామ్ ఖాతాలో దానివల్ల 4.5 బిలియన్ డాలర్లకు పైగా చేరింది. అదే రోజు ఇంటెల్ 5జీ ఫోన్ మోడెమ్‌ల నుంచి తప్పుకుంది. ఆపిల్ ఆ ఇంటెల్ మోడెమ్ విభాగాన్ని కొనుక్కుని సొంత మోడెమ్‌ని బయటికి తెచ్చేసరికి 2025 వచ్చింది.

చెల్లనిబిల్లు:

సింపుల్‌గా చెప్పాలంటే దోపిడీ. అంతే.

ఒంటరిటవర్:

దోపిడీ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి బ్రదర్. నేను పదేళ్లకి పైగా స్టాండర్డ్స్ వైపు పనిచేశాను. ఒక్క ఫీచర్ మీద మూడేళ్లు సిమ్యులేషన్లు నడిపి, ప్రపంచమంతా తిరిగి మీటింగుల్లో నిలబడి వాదించి, చివరికి అది స్టాండర్డ్‌లోకి వెళ్లకపోతే ఆ డబ్బంతా బూడిదే. వెళ్లినప్పుడు వచ్చే రాయల్టీలోంచే పోయినవాటి ఖర్చు రావాలి. రాయల్టీ తీసేస్తే ఎవరు చేస్తారు ఈ పని? టవర్లు అమ్మేవాళ్లు మాత్రమే చేస్తారు, అదీ తమ టవర్లలోనే బాగా నడిచేలా.

ఇంకో వైపు కూడా చూడండి. ఫోన్ కంపెనీలు అమాయకులేం కాదు. ముందు అమ్మేయడం, లైసెన్స్ అడిగితే ఈ పేటెంట్ చెల్లదు, ఆ పేటెంట్ వర్తించదు అంటూ ఏళ్లు గడపడం, చివరికి కోర్టు చెప్పాక ముందే కట్టాల్సిన మొత్తం కట్టడం. ఓడినా అదనంగా పోయేది ఏమీ లేనప్పుడు ఎవడైనా ఆ పనే చేస్తాడు. అందుకే బ్రిటన్ సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో అన్‌వైర్డ్ ప్లానెట్ అనే పేటెంట్ కంపెనీ, హువావే కేసులో, దేశానికో కేసు వేసుకుంటూ తిరగడం అయ్యే పని కాదు, మేమే ప్రపంచం మొత్తానికి రేటు చెప్తాం, ఒప్పుకోకపోతే ఇక్కడ అమ్మకం ఆపేస్తాం అన్న కింది కోర్టు తీర్పుని సమర్థించింది. అది మరీ అతి అనిపిస్తుంది నాకు, ఒక దేశం జడ్జి ఊరందరి ధరా ఎలా కడతాడు? వెంటనే చైనా కోర్టులు మేమూ కడతాం అన్నాయి, వేరే దేశాల్లో కేసు నడపొద్దని ఆర్డర్లు కూడా ఇచ్చాయి, దాని మీద యూరప్ 2022లో డబ్ల్యూటీఓకి వెళ్లింది. అప్పట్లో ఇంజనీర్లు చిప్ రేట్ గురించి కొట్టుకున్నారు, ఇప్పుడు జడ్జీలు రేటు గురించి కొట్టుకుంటున్నారు.

నీలిదీపం:

వైమాక్స్ గురించి నేను. గెలిచి ఉంటే చవకయ్యేది అన్నది అప్పట్లో ఇంటెల్ మద్దతుదారులు బాగా ప్రచారం చేసిన మాట. 2008లో ఇంటెల్, సిస్కో, శామ్‌సంగ్, స్ప్రింట్ లాంటివాళ్లు కలిసి ఓపెన్ పేటెంట్ అలయన్స్ అని కూడా పెట్టారు, రాయల్టీలు ముందే తెలిసేలా, తక్కువగా ఉండేలా చూస్తామని. ఉద్దేశం మంచిదే. కానీ వైమాక్స్, ఎల్‌టీఈ రెండిటి గుండెకాయా ఒకటే, ఓఎఫ్‌డీఎంఏ, అంటే డేటాని ఎన్నో సన్నటి ఫ్రీక్వెన్సీల మీద పంచి పంపే పద్ధతి. సీడీఎంఏ శకం అయిపోవస్తోందని పసిగట్టిన క్వాల్‌కామ్, ఓఎఫ్‌డీఎంఏ మీద ముందునుంచీ పనిచేస్తున్న ఫ్లారియన్ అనే చిన్న కంపెనీని 2006కల్లా కొనేసింది. అంటే మీరు ఏ దారిలో వెళ్లినా టోల్‌గేట్ ముందే కట్టి ఉంది!

దానికంటే పెద్ద విషయం, 4జీలో క్వాల్‌కామ్ సొంత స్టాండర్డ్ యూఎంబీ అని ఒకటి ఉండేది. సీడీఎంఏ వర్గంలో పెద్ద ఆపరేటరైన వెరైజన్ 2007లో ఎల్‌టీఈ వైపు దూకేసరికి, 2008 నవంబర్‌లో యూఎంబీని వాళ్లే ఆపేశారు. స్టాండర్డ్ చచ్చిపోయింది, లైసెన్స్ వ్యాపారానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మామ వేసిన ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వైమాక్స్ పోవడానికి పేటెంట్లు కారణం కాదు. ఉన్న జీఎస్ఎమ్ ఆపరేటర్లకి తమ నెట్‌వర్క్ నుంచి ఎల్‌టీఈకి వెళ్లడానికి మెట్లు ఉన్నాయి, వైమాక్స్‌కి కొత్తగా మొత్తం కట్టుకోవాలి. 2009 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్, ఓస్లోలలో ఎల్‌టీఈ మొదలయ్యాక ఫోన్ కంపెనీలు అటే చూశాయి.

3జీలో చైనా సొంతంగా తెచ్చిన టీడీ-ఎస్‌సీడీఎంఏ కథ కూడా ఇలాంటిదే. 2009 జనవరిలో తమ అతి పెద్ద ఆపరేటర్‌కి ఆ సొంత స్టాండర్డ్ అంటగట్టారు, ఫోన్లు సరిగ్గా దొరక్క వాళ్లు నానా తిప్పలు పడ్డారు. బయట ఏ దేశమూ దాన్ని పట్టించుకోలేదు. నా ఉద్దేశంలో అది గెలవడానికి వేసిన ఎత్తు కానే కాదు, తర్వాతి మీటింగులో కుర్చీ కోసం వేసింది. 4జీకి టీడీ-ఎల్‌టీఈ రూపంలో అందరి స్టాండర్డ్‌లోనే చోటు సంపాదించారు, 5జీకి వచ్చేసరికి హువావే తన రాయల్టీ రేటు ప్రకటించే స్థాయికి వెళ్లింది.

మాడ్యూల్‌మామ:

వామ్మో, ఇంత ఉందా! అందరికీ థాంక్స్. ఒక్కటి అడుగుతాను. 5జీలో అయితే ఒకటే స్టాండర్డ్ కదా, ఇప్పుడు ఎవరితో ఎవరికి పోటీ? ఇంకా, ‘ఫలానా కంపెనీకి 5జీ పేటెంట్లు అందరికంటే ఎక్కువ’ అని వార్తలు వస్తుంటాయి. అవి నమ్మొచ్చా?

ఒంటరిటవర్:

ఒకటే స్టాండర్డ్ అయినప్పుడు కొట్లాట దాని లోపలికి వెళ్తుంది మామా. ఒక్కటి చెప్తాను. 5జీలో డేటాలో తప్పులు సరిదిద్దే కోడ్ ఏది ఉండాలి అని 2016లో జరిగిన రగడ. 3జీ, 4జీల్లో టర్బో కోడ్ వాడారు, 1993లో ఫ్రాన్స్‌లో పుట్టింది. 5జీకి అభ్యర్థులు ఇద్దరు. ఒకటి ఎల్‌డీపీసీ, రాబర్ట్ గ్యాలగర్ ఎంఐటీలో 1960 ప్రాంతంలోనే కనిపెట్టాడు, అప్పటి కంప్యూటర్లకి దాన్ని నడిపే దమ్ము లేక ముప్పై ఏళ్లు అటకెక్కింది. రెండోది పోలార్ కోడ్, తుర్కియేలో ఎర్దాల్ అరికాన్ అనే ప్రొఫెసర్ 2009లో ప్రచురించాడు. క్వాల్‌కామ్, శామ్‌సంగ్ తదితరులు ఎల్‌డీపీసీ వైపు, హువావే పోలార్ వైపు. అక్టోబర్‌లో లిస్బన్‌లో పెద్ద డేటా బ్లాకులకి ఎల్‌డీపీసీ అని తేలింది. నవంబర్‌లో అమెరికాలోని రీనో మీటింగ్‌లో మిగతావాటి కోసం అర్ధరాత్రి దాకా సాగింది. చివరికి డేటా మొత్తం ఎల్‌డీపీసీకి, కంట్రోల్ చానల్ (ఫోన్‌కీ టవర్‌కీ మధ్య ఆదేశాలు నడిచే దారి) పోలార్‌కి. తల ఒకరికి, తోక ఒకరికి. రెండు డీకోడర్లూ ఇప్పుడు ప్రతి 5జీ చిప్‌లో ఉంటాయి, సిలికాన్ స్థలం, కరెంటు ఖర్చు మనవి. టెక్నికల్‌గా చిన్న బ్లాకులకి పోలార్ నిజంగానే బాగుంటుంది, అది వేరే మాట, కానీ ఆ రాత్రి అక్కడ ఉన్న వాతావరణం బ్లాక్ సైజులది కాదు.

రెండేళ్ల తర్వాత, 2018లో, చైనా నెటిజన్లు ఆ ఓటింగ్ పేపర్లు తవ్వి తీసి, మన లెనోవో హువావేకి ఓటేయలేదేంటి, దేశద్రోహులు అని విరుచుకుపడ్డారు. లెనోవో వ్యవస్థాపకుడే బయటికొచ్చి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. కోడింగ్ స్కీమ్ మీద దేశభక్తి పరీక్ష పెట్టిన సందర్భం ఇంకోటి నేనైతే వినలేదు.

ఇందులో తమాషా ఏంటంటే గ్యాలగర్ అసలు ఆలోచన మీద పేటెంట్ ఎప్పుడో కాలం చెల్లింది. కానీ దాన్ని 5జీలో సరిపోయేలా మలిచిన మాట్రిక్స్ ఆకారాలు, బిట్లు ఎలా వదిలేయాలి, ఎలా తిరిగి పంపాలి అన్న వివరాల మీద కొత్త పేటెంట్లు బోలెడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అన్నట్టు.

లైసెన్సుబాబు:

వార్తల్లో వచ్చే లెక్కల గురించి: సగం నమ్మి చదవాల్సినవి కూడా కావు, అసలు పక్కన పెట్టేయండి. ఎట్సీకి కంపెనీలు ‘ఈ పేటెంట్ స్టాండర్డ్‌కి తప్పనిసరి కావచ్చు’ అని తమంతట తామే ప్రకటించుకుంటాయి. నిజంగా తప్పనిసరేనా అని ఎట్సీ చూడదు. ప్రకటించకుండా దాచితే తర్వాత కోర్టులో ఇబ్బంది, ఎక్కువ ప్రకటిస్తే శిక్ష లేదు, మరి ఎవరైనా ఏం చేస్తారు? 3జీ మీద 2005లో గుడ్‌మన్, మైయర్స్ అని ఇద్దరు లెక్క తీస్తే, ప్రకటించిన పేటెంట్ కుటుంబాల్లో (ఒకే ఆవిష్కరణ మీద వేర్వేరు దేశాల్లో తీసుకున్న పేటెంట్లన్నీ ఒక కుటుంబం) నిజంగా తప్పనిసరైనవి ఐదింట ఒక వంతుకి అటూ ఇటూ తేలాయి. ఆ అధ్యయనాన్నీ తప్పుపట్టినవాళ్లు ఉన్నారు, పర్లేదు, దిశ మాత్రం అదే. యూరోపియన్ కమిషన్ 2023లో, స్వతంత్రంగా తనిఖీ చేయించే చట్టం ఒకటి ప్రతిపాదించింది. పేటెంట్ ఉన్న కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2025లో దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించేశారు.

ఇప్పుడు మీ లెటర్ సంగతి, మామగారూ. ఇది కొంచెం సీరియస్‌గా తీసుకోండి. నేను మీ లాయర్‌ని కాదు, కానీ మీ బాస్ చేస్తున్నది మాత్రం ఖరీదైన పని.

మాడ్యూల్ కొన్నాం కదా, అమ్మినవాడినే అడగండి అని మీరు అనుకోవచ్చు. కార్ల కంపెనీ డైమ్లర్ సరిగ్గా అదే అంది, మా సప్లయర్లకి లైసెన్స్ ఇవ్వండి, మమ్మల్ని కాదు అని. 2020 ఆగస్టులో జర్మనీలోని మాన్‌హైమ్ కోర్టు, కేసు వేసిన నోకియా పక్షాన తీర్పిచ్చింది. అసలు సప్లయర్‌కి ముందు ఇవ్వాలా అన్న ప్రశ్న డ్యూసెల్డార్ఫ్ కోర్టు యూరప్ పైకోర్టుకి పంపింది కానీ, జవాబు వచ్చేలోపే 2021 జూన్‌లో ఇద్దరూ రాజీ పడిపోయారు. ఆ ప్రశ్న అక్కడే గాల్లో ఉంది. కార్ల వాళ్లు తర్వాత ఎక్కువగా అవాన్సీ అనే ఉమ్మడి లైసెన్స్ తీసుకున్నారు, 4జీకి కారుకి 15 డాలర్లతో మొదలైంది. చిన్న పరికరాలకి రేట్లు వేరుగా ఉంటాయి, కొన్నిటికి ప్రత్యేకమైన పూల్స్ (చాలామంది పేటెంట్లు కలిపి ఇచ్చే ఉమ్మడి లైసెన్స్‌లు) ఉన్నాయి.

ఇక నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందంటే, యూరప్ కోర్టు 2015లో హువావే, జడ్‌టీఈ కేసులో వరస చెప్పింది. పేటెంట్ ఉన్నవాడు ముందు నోటీసివ్వాలి, వాడేవాడు ‘ఫ్రాండ్ ధరకి లైసెన్స్ తీసుకుంటాను’ అని చెప్పాలి, అప్పుడు పేటెంట్ ఉన్నవాడు రాతపూర్వకంగా ఆఫర్ ఇవ్వాలి, నచ్చకపోతే మీరు ఆలస్యం చేయకుండా ఎదురు ఆఫర్ ఇవ్వాలి. ఇది పాటించినవాడి సరుకు అమ్మకం ఆపడం కష్టం. పేటెంట్ లైసెన్సింగ్ కంపెనీ సిస్‌వెల్, పరికరాలు అమ్మే హాయర్ మధ్య కేసులో హాయర్ ఆ మొదటి నోటీసుకి జవాబివ్వడానికి ఏడాది తీసుకుంది. 2020లో జర్మనీ సుప్రీంకోర్టు, ఇన్నాళ్లు కూర్చున్నవాడు లైసెన్స్ కోరుకుంటున్నట్టు కాదు అని తేల్చింది.

కాబట్టి లెటర్ తేదీ ఎప్పటిదో చూడండి. మాడ్యూల్ కొన్న కాంట్రాక్టు తీసి, పేటెంట్ క్లెయిమ్ వస్తే సప్లయర్ భరిస్తాడు అన్న క్లాజ్ ఉందో లేదో, ఉంటే స్టాండర్డ్ పేటెంట్లని మినహాయించాడో చూడండి. చాలామంది మినహాయిస్తారు, చిన్న అక్షరాల్లో. లెటర్‌లో ఏ పేటెంట్లు, ఏ స్టాండర్డ్ విడుదల, ఏ సెక్షన్ అని చార్టులు ఇచ్చారా అన్నదీ చూడండి, ఇవ్వకపోతే అడగండి. మీరు ఏ దేశాల్లో అమ్ముతున్నారో లిస్ట్ రాసుకోండి, ఆ పేటెంట్ అక్కడ లేకపోతే అక్కడి అమ్మకాలకి లెక్క వేరు.

మాడ్యూల్‌మామ:

లెటర్ తేదీ చూశాను. నాలుగు నెలలు దాటింది. కాంట్రాక్టులో క్లాజ్ ఉంది, కింద ‘ఇండస్ట్రీ స్టాండర్డ్స్ పాటించడం వల్ల తలెత్తే క్లెయిమ్‌లు తప్ప’ అని కూడా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

లైసెన్సుబాబు:

అనుకున్నా. నాలుగు నెలలైతే ఇంకా మునిగిపోలేదు. ఈ వారమే పేటెంట్ లాయర్‌ని పట్టుకుని రెండు వాక్యాల జవాబు పంపించండి, ‘మీ లెటర్ అందింది, ఫ్రాండ్ షరతులకి లైసెన్స్ తీసుకోవడానికి సిద్ధం, వివరాలు పంపండి’ అని. పేటెంట్ వర్తిస్తుందని ఒప్పుకున్నట్టు ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఎన్ని పరికరాలు అమ్మారో అంకె ఇప్పుడే ఇవ్వొద్దు, ముందు గోప్యత ఒప్పందం మీద సంతకాలు అవనివ్వండి.

చెల్లనిబిల్లు:

మీ బాస్‌కి ఈ థ్రెడ్ లింక్ పంపకండి మామా, 3.84 దగ్గరే నిద్రపోతాడు. సరాసరి జర్మనీ తీర్పు చూపించండి.